చెల్లని టోకెన్

కైకలూరు అవతల చేపల చెరువుల మధ్యనున్న ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఆ రాత్రి విశ్వతేజ ఒక్కడే ఉన్నాడు. ఆఫీసు తలుపు కంప్యూటర్‌తోనే తెరుచుకుంటుంది. సి షార్ప్ అనే కంప్యూటర్ భాషలో ఆ ప్రోగ్రాం రాసింది తనే. లోపలికి వచ్చిన మనిషి పేరున సర్వరు గుర్తింపు చీటీలాంటి ఒక టోకెన్ ఇస్తుంది. అది చెల్లితేనే తలుపు తెరుచుకుంటుంది. గడువు తీరితే ప్రోగ్రాంలో లైబ్రరీ అనే భాగం కొత్తది అడిగి తెస్తుంది. కొత్తది రాగానే పాతది చెల్లదు.

పెళ్లయి ఇంకా నెల కాలేదు. ఏలూరు ఇంట్లో భార్య భావన రొయ్యల వేపుడు చేసి ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంటికి బయల్దేరుతూ హుషారుగా తలుపు తెరిచే బటన్ నొక్కాడు. తలుపు కదల్లేదు.

"ఈ టోకెన్ చెల్లదు. విశ్వతేజకు సాయంత్రమే కొత్తది ఇచ్చాం. ఆయన బయటికి వెళ్లిపోయారు" అని తెరమీద పడింది.

తను రాసిన ప్రోగ్రాంలోనే ఏదో తప్పుందని నవ్వుకుని మళ్లీ నొక్కాడు. అవే మాటలు. బయట చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో భావనకు ఫోన్ చేశాడు.

"ఇక్కడ ఇరుక్కుపోయాను భావనా. ఎవరినైనా పంపించు."

"చాల్లెండి మీ వేళాకోళం. పక్క గదిలోంచి ఫోనేంటండీ? రండి, వడ్డించేశాను."

"భావనా, నేనింకా ఇంటికి రాలేదు. నువ్వు వెంటనే బయటికి వచ్చెయ్."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఫోనెవరు?" అని అచ్చం విశ్వతేజ గొంతే నెమ్మదిగా అడిగింది.

"ఎవరోనండీ, అచ్చం మీలాగే మాట్లాడుతున్నారు," అని భావన ఫోన్ పెట్టేసింది.