అమ్మకానికి లేని కారు

“నీకిక్కడేటి పని? ఎల్లు బయటికి!”

యార్డు గేటు దాటి రెండడుగులు వేశాడో లేదో, సింహాద్రికి ఈ మాటలు ఎదురొచ్చాయి. తలెత్తి చూస్తే వీర్రాజు. తన భార్య సూర్యకళకి స్వయానా అన్న. పడవ పంపకాల దగ్గర కొట్టుకున్నాక రెండేళ్లుగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. గాజువాకలోని ఈ పాత కార్ల యార్డులో వీడు పనికి చేరాడని తెలిస్తే సింహాద్రి ఇటు తొంగి కూడా చూసేవాడు కాదు.

వెనక్కి తిరిగిపోదామనిపించింది. కానీ ఎల్లుండికల్లా బయల్దేరకపోతే, వేలూరులో సూర్యకళ వెన్నుపూస ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీ దాటిపోతుంది. పది నిమిషాలు తిన్నగా కూర్చోలేని మనిషి. ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు. ఆ తర్వాత కూడా ఏడాది పాటు రెండు నెలలకోసారి వెళ్లి చూపించుకోవాలి. తన దగ్గరున్న డబ్బుకి వచ్చే కారు కోసం మద్దిలపాలెం, తగరపువలస అన్నీ తిరిగేశాడు. ఈ ఒక్క యార్డూ చూసి రమ్మని పొద్దున్నే సూర్యకళ పోరు పెట్టింది.

“నీ మొహం సూడ్డానికి రాలేదు. కారు కొనడానికొచ్చాను.”

“డబ్బులున్నాయేటి?”

“నిన్ను అడగడానికి రాలేదు గానీ, సూపించు.”

వీర్రాజు నోట్లో పుల్ల తుపుక్కున ఉమ్మేసి, ముందు వరసలో తళతళలాడుతున్న వెండిరంగు కారు దగ్గరికి నడిచాడు. “ఇది అట్టుకెల్లు. సీట్లు మెత్తగా ఉంటాయి. ఏసీ సల్లగా కొడతాది. ఎంత దూరమెల్లినా అలుపు రాదు.”

సింహాద్రి బానెట్ ఎత్తించి స్టార్ట్ చేయించాడు. ఇరవై ఏళ్లుగా ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు విన్న చెవి అతనిది. రెండు నిమిషాలు విన్నాడు. ఆయిల్ మూత విప్పాడు. సన్నగా పొగ పైకి లేచింది.

“సిగ్గులేదురా నీకు? దీన్లో ఎక్కేది నీ సెల్లెలు. ఇది రాజమండ్రి కూడా దాటదు!”

“నీ ఇంటికొచ్చిన్నాడే నా సెల్లెలు నాకు పోయింది,” అన్నాడు వీర్రాజు, కారు తలుపు ధడాల్న వేస్తూ.

సింహాద్రి పిడికిలి బిగిసింది. అంతలో వేలూరు తేదీ గుర్తొచ్చి చెయ్యి దించుకున్నాడు. వాడితో మాట్లాడకుండా తనే వరసల మధ్య వెతుక్కుంటూ పోయాడు. చిట్టచివర, గోడ వారన టార్పాలిన్ కప్పిన కారొకటి కనిపించింది. ఒక మూల ఎత్తి చూశాడు. ఎర్రరంగు అక్కడక్కడా వెలిసిపోయింది గానీ టైర్లు బాగున్నాయి. కిందికి వంగి చూస్తే ఎక్కడా తుప్పు లేదు.

వీర్రాజు పరుగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు. “దాని మీద సెయ్యెయ్యకు! అమ్మకానికి కాదది.”

“ఎందుకు కాదు?”

“వేరేవోలకి మాటిచ్చీసేం. అయినా ఎదవ బండి, నీకెందుకు?”

“ఎదవ బండికి నీకింత కంగారేటి? తాళం ఇయ్యి.”

“ఇవ్వను. ఏటి సేత్తావో సేసుకో!”

ఈసారి ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ఆ అరుపులకి ఆఫీసు గదిలోంచి యజమాని గురునాథరావు టీ గ్లాసుతోనే బయటికొచ్చాడు.

“మాస్టారూ, ఈ కారు అమ్ముతారా, లేపోతే ఈడి బాబుదా?” అని అరిచాడు సింహాద్రి.

గురునాథరావు ఒకసారి అతన్నీ, ఒకసారి వీర్రాజునీ చూశాడు. “అమ్ముతాం బాబూ. తాళం ఇచ్చెయ్ వీర్రాజూ.”

వీర్రాజు తాళం చేతికివ్వలేదు. కాళ్ల దగ్గర దుమ్ములోకి విసిరేశాడు. సింహాద్రి పళ్లు నూరుకుంటూ వంగి తీసుకున్నాడు.

ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. చప్పుడు ఎక్కడా తేడా లేదు. యార్డు ముందున్న గతుకుల రోడ్డు మీద రెండుసార్లు అటూ ఇటూ నడిపాడు. గోతుల్లో దిగినా నడుముకి కుదుపు తెలియలేదు. రేటు అడిగితే తను భయపడినదానికన్నా బాగా తక్కువే చెప్పారు. మనసు మార్చుకుంటారేమోనని సింహాద్రి గబగబా కాగితాల మీద సంతకాలు పెట్టేశాడు.

గేటు దగ్గర వీర్రాజు మళ్లీ అడ్డొచ్చాడు. “దారిలో ఆగిపోతే నాకు ఫోన్ సెయ్యకు!”

“నీకు ఫోన్ సేత్తే నన్ను సెప్పుచ్చుకు కొట్టు!” అని సింహాద్రి వాడి కాళ్ల మీదికి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు. కారు దొరికిన సంతోషం కన్నా, వాడి నోటికాడి కూడు లాక్కొచ్చినంత ఆనందం అతన్ని దారి పొడుగునా ఈల వేయించింది.

ఇంటి ముందు సూర్యకళ గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

“సూడు! మీ అన్న దాసీసిన కారు. ఆడి సేతిలోంచి లాక్కొచ్చాను. ఆడి మొహం సూడాల్సింది!”

సూర్యకళ గోడ వదిలింది. నడుం పట్టుకుని మెల్లగా కారు దగ్గరికొచ్చింది. ముందు ఎడమ తలుపు తీసి, తడుముకోకుండా సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ఏదో లాగింది. సీటు మొత్తం వెనక్కి వాలి, వెనక సీటుతో కలిసి మంచంలా పరుచుకుంది. ఆమె దాని మీద వెల్లకిలా పడుకుంది. తల నుంచి పాదాల దాకా సరిగ్గా సరిపోయింది.

సింహాద్రి నోరు తెరిచాడు. “అంతసేపు సూసినా నాకు కనబడనేదు. నీకెలా తెలుసే?”

సూర్యకళ కళ్లు మూసుకునే చెప్పింది.

“మొన్న నువ్వు తగరపువలస ఎల్లినప్పుడు అన్నయ్య ఈ కారు ఇంటికి తెచ్చి, నన్ను పడుకోబెట్టి కొలత తీసుకుని సీటు సేయించాడు... ‘నాను వద్దని కొట్లాడితేగానీ ఆడు దీన్ని కొనడు’ అన్నాడు.”