గోడ అవతలి రేడియో

గోడకు తగిలించిన గరిటెలు టకటకమని కొట్టుకున్నాయి.

"మొదలెట్టాడు!" అంది వీబ్కె, బంగాళాదుంపలు చెక్కుతూ.

పక్క వాటాలో రేడియో. నాయకుడి ఉపన్యాసం. మాట మాటకీ జనం జేజేలు.

మెట్ల మీద ఆమె మొగుడు హిన్నెర్క్ బూట్ల చప్పుడైతే చాలు, ఆ వాటాలోని టీమన్ రేడియో పెట్టేవాడు. హిన్నెర్క్ గురక మొదలయ్యాకే కట్టేసేవాడు. హిన్నెర్క్‌కు రాత్రి పని పడిన రోజుల్లో మాత్రం చప్పుడే ఉండేది కాదు.

హిన్నెర్క్‌కు ఆ మోత తెలియదు. హాంబర్గ్ ఓడల కార్ఖానాలో ఇనపరేకుల మీద సుత్తి కొట్టీ కొట్టీ చెవులు పోయాయి. గుసగుసలాడుతున్నాననుకుని అరుస్తాడు.

"దొంగ నాకొడుకులు!" అన్నాడు ఆ సాయంత్రం కూడా, కోటు విప్పుతూ. "మా కార్మిక సంఘం ఆఫీసుకు తాళం వేశారు. నాతో పనిచేసే క్లాస్‌ను పట్టుకుపోయారు. వీడట, దేశాన్ని ఉద్ధరిస్తాడట!"

వీబ్కె పరుగున వచ్చి అతని నోరు మూసింది. గోడవైపు వేలు చూపించింది.

"ఏంటే? మెల్లిగానే అంటున్నాగా!" అని అరిచాడు.

ఆమె ప్రాణం గిలగిల్లాడింది. క్లాస్ చేసిందేముంది? బీరు కొట్లో ఒక జోకు వేశాడు. పక్క బల్ల దగ్గర ఎవడో విన్నాడు. ఇప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడో కన్నతల్లికే తెలియదు.

టీమన్ ఆ వసంతంలోనే దిగాడు. పియానోలు శ్రుతి చేస్తాడట. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు.

"శ్రుతి చేసేవాడికి చెవులు సున్నితం కదా, ఈ మోత ఎలా భరిస్తాడే?" అంది కిందింటావిడ.

"పార్టీ మనిషి కదమ్మా, భక్తి!" అంది ఇంకొకావిడ.

టీమన్ మెట్ల మీద కనబడి టోపీ తీస్తే వాళ్ళు మొహం తిప్పుకునేవారు.

ఒక సాయంత్రం వీబ్కె ఉండబట్టలేక, కాస్త తగ్గించమని అడగడానికి వెళ్ళింది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

రేడియో గొంతు చించుకుంటోంది. టీమన్ పక్కనే కుర్చీలో, తల చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు చెవుల్లోనూ దూది ఉండలు.

ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది.

తను వినడు, మాకు మాత్రం వినిపిస్తాడు! ఇది ఎర కాక మరేమిటి? విసుగెత్తి మేం ఒక మాట అంటే పట్టివ్వాలని చూస్తున్నాడు.

రాత్రంతా ఆమెకు ఒకటే ఆలోచన. ఈయన నోరు ఎలాగూ మూయించలేను. ఆ గోడ అవతలి చెవులైనా లేకుండా చెయ్యాలి.

ఆదివారం కింది అంతస్తులో ఉండే గ్రోట్ వచ్చాడు. ఆ వీధి ఇళ్ళ మీద పార్టీ పెట్టిన కాపలా మనిషి. నెలకో ఆదివారం దేశంలో ప్రతి ఇంట్లోనూ ఒక్క గిన్నెలో చవక వంటే వండుకు తినాలని ఆజ్ఞ. గ్రోట్ ఇంటింటికీ తిరిగి మూతలెత్తి చూసేవాడు.

"ఏమ్మా, బఠాణీలేనా? అడుగున మాంసం ముక్క దాక్కోలేదు కదా?"

"దాక్కుంటే మాక్కూడా కనబడ్డంలేదండీ."

గ్రోట్ పగలబడి నవ్వాడు. "మీ ఆయనేడీ?"

"ఏటికి గాలం పట్టుకుని పోయాడండీ." ఆమె చేతులు తుడుచుకుంది. "ఒక మాట చెప్పనా? నాయకుడు మాట్లాడుతుంటే పక్క వాటా ఆయన చెవుల్లో దూది పెట్టుకుంటాడు."

గ్రోట్ చేతిలో మూత ఆగిపోయింది.

"దూదా?"

"నా కళ్ళారా చూశాను."

అతను మూత మెల్లగా గిన్నె మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వీబ్కెకు గుండె మీద బరువు దిగినట్టయింది. అయినా ఆ పూట తన పళ్ళెం అలాగే ఎత్తిపెట్టింది.

మంగళవారం పొద్దున్నే టీమన్‌ను పట్టుకుపోవడానికి ఇద్దరు వచ్చారు.

మెట్ల దగ్గర టీమన్ ఆగాడు. మొహంలో కోపం లేదు.

"అమ్మా, నా రేడియో మీరు ఉంచుకోండి. సాయంత్రాలు పెట్టుకుందురుగాని."

"మీ గోల మాకొద్దు!" అంది వీబ్కె, అతని వంక చూడకుండా.

"కాదనకండమ్మా. కాస్త గట్టిగానే పెట్టుకోండి..."

వచ్చినవాళ్ళలో ఒకడు నవ్వాడు. "పోతూ పోతూ దానాలు కూడానా? నడవవయ్యా!"

రేడియోను వాడే చంకన పెట్టుకుని దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఇల్లు హాయిగా ఉంది. వీబ్కె ఉప్పుచేప వేయించింది, బల్ల మీద గుడ్డ పరిచింది.

హిన్నెర్క్ వస్తూనే కోటు కుర్చీ మీదికి విసిరాడు.

"పక్కాయన్ను పట్టుకుపోయారటగా? హంతకులు! పియానోలు శ్రుతి చేసుకునేవాడు ఏం చేశాడే వీళ్ళను? ఆ నాయకుడు నాశనమైపోను!"

ఆమె అతని నోటి మీద చెయ్యి వేసేసరికే ఆ మాటలు అన్ని మెట్లూ దిగిపోయాయి.

కింద ఏదో తలుపు తెరుచుకుంది. అడుగులు పైకి వచ్చాయి. ఎవరో తలుపు తట్టారు.

గుమ్మంలో గ్రోట్, నవ్వుతూ.

"ఇన్నాళ్ళూ ఆ టీమన్ రేడియో మోతలో తెలియలేదు గానీ తల్లీ, మీ ఆయన మాట కింద మా ఇంట్లోకి ఎంత చక్కగా వినబడుతోందో!"