ఎంగిలి కాయలు

బాబాయి రెండు చొక్కాలనూ పంచెనూ ఇల్లాలే మడిచి సంచిలో కుక్కింది.

పెరటి గది గుమ్మం దగ్గర నిలబడి అతను చూస్తున్నాడు.

సొంత బాబాయేమీ కాదు. వడ్రంగి పని చేసే భర్త ఎక్కడినుంచో వెంటబెట్టుకొచ్చాడు. "పాపం, ఎవరూ లేరు. కొన్నాళ్ళు మనింట్లో ఉంటాడు. తోటపని బాగా వచ్చు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

తోటపని నిజంగానే వచ్చు. వంగ, బీర, చిక్కుడు విరగకాశాయి. సొరతీగ గోడెక్కి పక్కింటివాళ్ళను కూడా పలకరించింది.

ఆమె రోజూ కాయలు తరిగి, ఉప్పు రాసి, వానాకాలానికని డాబా మీద గుడ్డ పరిచి ఎండబెడుతోంది.

చిక్కల్లా ఒక్కటే.

కోసిన ప్రతి సొరకాయనీ బాబాయి తొడిమ దగ్గర గోటితో గిల్లి, అక్కడే నాలుక ఆనించి చూస్తాడు. అప్పుడప్పుడు ఉమ్మేసి, ఆ కాయను తీసుకెళ్ళి ఎరువు గుంటలో పారేస్తాడు.

"నవనవలాడే కాయ బాబాయ్! ఎందుకు పారేశావ్?"

"చేదుగా ఉందమ్మాయ్."

"కాకరకాయ లొట్టలేసుకుని తినేవాళ్ళం. మాకు చేదంటే భయమా?"

"ఆ చేదు వేరు, ఈ చేదు వేరు తల్లీ."

"సరేగానీ, మా పాప తినేవి. నీ ఎంగిలి మాకెందుకు?"

అతను తలొంచుకున్నాడు. మర్నాడు మళ్ళీ అదే పని.

ఇవాళ పొద్దున పక్కింటావిడ గోడ మీదుగా ఒక సొరకాయ ఎత్తి చూపించింది.

"నిన్న నువ్విచ్చిందే. మీ తోటలో ఉడతలు ఎక్కువైనట్టున్నాయే!"

"ఉడతలు కాదు పిన్నీ, మా బాబాయి."

ఆవిడ పకపకా నవ్వింది. ఇల్లాలికి తల కొట్టేసినట్టయింది.

అందుకే ఈ సంచి.

"మీ ఆయన పని నుంచి వచ్చేదాకా ఉంటానమ్మాయ్."

"ఆయనకి మొహమాటం. నువ్వు బయల్దేరు."

బాబాయి సంచి అందుకున్నాడు. వీధి తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"పాపకి పెట్టేముందు నువ్వైనా నాలిక్కి తగిలించి చూడు తల్లీ."

"చూస్తాలే, వెళ్ళు."

ఎండ ఎక్కాక ఆమె డాబా మీద కూర్చుని, తనే కోసుకొచ్చిన సొరకాయలు తరుగుతోంది. పక్కనే ఆడుకుంటున్న కూతురు ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"థూ! అమ్మా, చేదు!"

"నీకూ తాతయ్య గాలి సోకిందటే?" అని నవ్వుతూ తనూ ఒక ముక్క నాలుక మీద పెట్టుకుంది.

నవ్వు ఆగిపోయింది. నాలుక లోపలికి లాక్కుపోయింది. గొంతు మండింది. కాకరకాయలో ఏనాడూ ఇలాంటి చేదు ఎరగదు.

పిల్ల నోట్లో వేలు పెట్టి వెతికింది.

"మింగావా? చెప్పవే, మింగావా?"

"లేదమ్మా, ఉమ్మేశా."

ఏ ముక్క ఏ కాయదో తెలియకుండా అన్నీ కలిసిపోయాయి. గుడ్డతో సహా మూటకట్టి తీసుకెళ్ళి ఎరువు గుంటలో పారబోసింది.

సాయంత్రం భర్త వచ్చాడు.

"బాబాయేడీ?"

ఆమె జరిగింది చెప్పింది. అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"నీకు ముందే చెప్పాల్సింది."

"ఏం చెప్పాల్సింది? ముందు ఆయన్ని వెతికి తీసుకురండి. కాళ్ళు పట్టుకుని ఉండమంటాను."

అతను సైకిలెక్కి హడావుడిగా బస్టాండుకు వెళ్ళాడు. వీధి దీపాలు వెలిగాక ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఏ బస్సెక్కాడో ఎవరూ చూళ్ళేదు."

"నాకిందాక ఏదో చెప్పాలన్నారు."

"ఇంట్లో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే నువ్వు తనని కాయ ముట్టుకోనివ్వవట."

"ఏం చేశాడని?"

భర్త సైకిలు గోడకి ఆనించాడు.

"ఆయనకి నీ ఈడు కూతురుండేదే."

ఒంటికి చలువ చేస్తుందని నిరుడు వేసవిలో తన తోటలోని సొరకాయే కోసి, రుచి చూడకుండా రసం తీసి అతను ఇస్తే, ఆ చేదు విషమై ఆసుపత్రి పాలైన కూతురు ఇంటికి తిరిగి రాలేదు.