దొరసాని పాలు చేపదు

సర్దుకున్న సంచిని కోడలు మళ్ళీ విప్పేసింది.

కారణం దొరసాని. అంటే ఆ ఇంటి ఆవు. పేరుకు తగ్గ బుద్ధులే దానికి. కోడలు కూర్చుంటే ధారలు, అత్తగారు కూర్చుంటే తన్నులు. తన్నడమే కాదు, పాలు చేపకుండా పొదుగులోనే బిగబట్టుకుంటుంది. రెండు పూటలు అలా నిలిచిపోతే పొదుగు వాచి రాయవుతుంది. నీళ్ళు గడ్డకట్టే ఈ కొండ చలిలో అది ఆవు ప్రాణం మీదికే తెస్తుంది. ఇంకొకరికి అప్పగిద్దామా అంటే, భర్త లారీ మీద తిరుగుతూ ఎప్పుడో కనిపించే చుట్టం.

అవతల చెల్లెలికి నెలలు నిండాయి. తొలి కాన్పు. తల్లి లేని పిల్ల.

"అమ్మవైనా అక్కవైనా నువ్వే కదే! నీకు నేనెక్కువా, ఆ ఆవెక్కువా?" అని ఫోన్‌లో ఏడ్చింది.

ఆ కొట్టంలో గుంజకి కట్టేసింది ఆవునో తననో కోడలికే తెలియడం లేదు.

అత్తగారు మాత్రం వెళ్ళమనే అంటుంది.

"పెళ్ళయ్యాక ఒక్క చలికాలం కూడా నేను ఈ గడప దాటి ఎరగను. నీకా గతి పట్టకూడదు తల్లీ."

ఆ సాయంత్రం కూడా మోకాళ్ళ నొప్పితోనే కొట్టంలోకి వచ్చింది. చేతులు శాలువాలో దాచుకుని, పాపం, వణుకుతూ.

"చేతులు కాచుకున్నారా అత్తయ్యా? చల్లటి చెయ్యి తగిలితే చేపదు."

"గురువుకే పాఠాలా? అది నీకు నేర్పిందే నేను!"

నవ్వుతూ కూర్చుని పొదుగు మీద చెయ్యి వేసిందో లేదో, దొరసాని ఒక్క తన్ను తన్నింది. బకెట్ దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుంది.

"చూశావా దీని పొగరు! నా చెయ్యి పూర్తిగా మరిచిపోయింది." అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. "రేపు పొద్దున ఇంకొక్కసారి చూస్తాను. చేపిందా, నువ్వు నిశ్చింతగా బస్సెక్కు. లేదంటే నేను మాత్రం ఏం చెయ్యను?"

కోడలికి ఆశ చావలేదు. పొద్దున్నే తడి గడ్డి తీసేసి పొడి గడ్డి పరిచింది. చలిగాలి కొట్టకుండా కిటికీకి గోనెపట్టా బిగించింది. తవుడు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పెట్టి, ఆవు మెడ నిమిరింది.

"ఈ ఒక్క పూటకి నా మాట విను దొరసానీ. నీ కాళ్ళు మొక్కుతాను."

సంచి మళ్ళీ సర్ది గుమ్మం దగ్గర పెట్టుకుంది. అత్తగారి చేతులకని వేన్నీళ్ళ చెంబు పట్టుకుని, ఆవిడని వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళింది.

తొట్టిలో పేరుకున్న మంచుపలకని రాయితో పగలగొట్టి, అత్తగారు ఆ నీళ్ళలో మోచేతుల దాకా చేతులు ముంచుకుని నిలబడి ఉంది.