చావని సెల్

గల్ఫ్‌లో, బనియాస్ అనే ఊళ్లో ఓ ల్యాబ్. రాత్రి డ్యూటీలో నేల తుడుస్తున్న జోగయ్యకి, మైక్రోస్కోపు మీంచి తలెత్తి షగుఫ్తా మేడమ్ చెప్పింది: "ఖలాస్ అని ఆర్డరొస్తే, పాడైన సెల్ తనంతట తనే చచ్చిపోవాలి, జోగయ్య భాయ్. చావనని మొండికేస్తే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అదే క్యాన్సర్."

"అయ్‌బాబోయ్, సెల్లుక్కూడా వస్తుందాండీ?" అని జోగయ్య జేబులో ఫోను తడుముకున్నాడు.

మేడమ్ వెళ్లిపోయాక తీసి చూశాడు. అద్దం పగిలిన ఆ ఫోన్లో ఛార్జింగ్ పొద్దుట్నుంచీ సున్నాయే. అయినా ఆరిపోలేదు.

"ఖలాస్! చావవే తల్లీ," అని బతిమాలుతూ స్విచ్చాఫ్ చేశాడు. మళ్లీ వెలిగింది. ఖాళీ బకెట్లో పడేసి మూత పెట్టాడు.

ల్యాబంతా నిశ్శబ్దం. బకెట్లో ఫోను మోగింది. జోగయ్య దండం పెట్టుకున్నాడు.

ఆ మోత ఆగకముందే, బకెట్లోంచే రెండో ఫోను మోగడం మొదలెట్టింది.