గోడ అవతలి పిల్ల

"ఈ రెండింట్లో ఒకటి కాపీ," అన్నాడు హెడ్మాస్టరు, కాగితాలను టీచరమ్మ ముందుకు తోస్తూ. "ఎవరు ఎవరిది చూసి రాశారో మీరే తేల్చండి. కాపీ కొట్టినవాళ్ల పేరు సోమవారం ప్రార్థనలో అందరి ముందూ చదువుతాను."

టీచరమ్మ పై కాగితం అందుకుంది. మొదటి కథ ఆవిడ మేనకోడలిది. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆ అమ్మాయి నోరు విప్పితే ఒట్టు. ఈ నెల రోజుల్లోనే మళ్లీ నాలుగు మాటలు మాట్లాడుతోంది, ఇప్పుడేమో ఏకంగా కథే రాసింది. అలాంటిదాన్ని అందరి ముందూ దొంగని చేస్తే ఇక జన్మలో మాట్లాడదని ఆవిడ భయం.

రెండో కాగితం మీద పేరు లేదు. బడి వెనక గుమ్మానికి తగిలించిన కథల పెట్టెలో, అట్టడుగున దొరికిందట. కోడి గెలికినట్టుంది రాత. ఆరో తరగతి గడుగ్గాయిలలో ఎవరో అయి ఉంటారనుకుంది.

ఇద్దరూ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదివారు. మేనకోడలి కథలో బడి గోడకు అవతల నక్కపిల్ల కనిపిస్తుంది. రెండో కథలోనూ గోడకు అవతలే పిల్ల కనిపిస్తుంది, కాకపోతే ఏ జంతువుదో రాయలేదు. అందులో ముళ్లతీగ గీసుకుని పిల్ల కాలు తెగుతుంది, ఇందులోనూ అంతే. అక్కడా బిస్కెట్లే, ఇక్కడా బిస్కెట్లే. మొదట బెదరడం, వారానికి మచ్చికవడం, పిలిస్తే పరిగెత్తుకు రావడం, అన్నీ మక్కీకి మక్కీ.

ఒక్క చోట ఆవిడకు తేడా కనిపించింది. మేనకోడలు గాయానికి తన రిబ్బను కట్టానని రాసింది. రెండో కథలో మాత్రం నాకి మాన్పానని ఉంది. ఇదెక్కడి విడ్డూరమని అడిగితే, పిల్లల ఊహలకు హద్దేముందని కొట్టిపారేశాడు హెడ్మాస్టరు. ఆయన వేలు ఇంకో వాక్యం మీద ఆగింది.

"ఇది వినండి. 'దానికి అమ్మ లేదు. అందుకే ఎవరితోనూ మాట్లాడదు. నాతో మాత్రం మాట్లాడుతుంది.' ఎంత ప్రేమ లేకపోతే ఇలా రాస్తారు చెప్పండి? అసలు కథ ఇదే. ఏమీ అనుకోకండి టీచరుగారూ, కాపీ మీ మేనకోడలిదే."

ఆవిడకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ బాధ తన ఇంటిది. ఎవరో దాన్ని కూడా దొంగిలించారు.

"దాన్నే పిలిచి అడుగుదాం సార్," అంది.

కానీ ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. ఇందాక గంట కొట్టగానే మేనకోడలు వచ్చి, మీ పనయ్యేదాకా గోడ దగ్గర నా పిల్లతో ఉంటానత్తా అని అడిగితే, సరేనని తనే పంపింది. టీచరమ్మ లేచి కిటికీలోంచి చూసింది. గోడ దగ్గర ఎవరూ లేరు. అవతలి పొదలు మాత్రం, గాలి లేకపోయినా, లోపలికంటా కదులుతున్నాయి.

"వెనక కూడా ఏదో రాసి ఉందే," అని హెడ్మాస్టరు రెండో కాగితం తిప్పి పైకి చదివాడు.

"'అమ్మ ఒప్పుకుంది. శనివారం గంట కొట్టగానే పిల్లను మా ఇంటికి తెచ్చేసుకుంటున్నాం. ఇక ఎప్పటికీ మాతోనే. దారంతా ముళ్లు, మెల్లగా నడిపించాలి.

పాపం, దానికి రెండే కాళ్లు.'"