ముందు దగ్గిందెవరు?

“రేపటిసంది బుచ్చవ్వ క్యాంటీన్ల అడుగు పెట్టొద్దు. హాస్టల్ మొత్తానికి స్వైన్ ఫ్లూ అంటించింది గామెనే!” వార్డెన్ వెంకటనర్సయ్య టేబుల్ మీద చరిచాడు.

లాలాపేట్ నుంచి రోజూ నడిచొచ్చి పిల్లలకు చాయ్ పోసే బుచ్చవ్వ నోరు మెదపలేదు. మాస్కు సర్దుకుని తలుపు పక్కనే నిలబడింది.

“గట్లెట్ల తీసేస్తరు సార్?” తెలంగాణ దీక్షా శిబిరం నుంచి పరుగున వచ్చిన హాస్టల్ విద్యార్థి కరుణాకర్ అడ్డుపడ్డాడు.

“అందరికన్న ముందు దగ్గింది ఆమెనే కదా!”

“ముందు దగ్గితే ముందు అంటుకున్నట్టు కాదు సార్,” అంది స్వాతి. ఆమెది కర్నూలు. తార్నాక ల్యాబులో పరిశోధన చేస్తోంది. హాస్టల్లో జ్వరపడ్డ పందొమ్మిది మంది శాంపిళ్లలో వైరస్ జన్యువులను చదివింది ఆమే. కరుణాకర్ వైపు ఆమె చూడలేదు. ఆంధ్రా వాళ్ల పిల్లతో అతనికి మాటల్లేవని క్యాంపస్ అంతా అనుకుంటుంది.

“నోట్సు చూసి రాసేవాడికి అవతలివాడి తప్పులన్నీ వస్తాయి. పైన సొంత తప్పొకటి కలుస్తుంది. వైరసూ అంతే. బుచ్చవ్వ వైరస్‌లో పాత తప్పులన్నీ ఉన్నాయి, పైన కొత్తదొకటి ఉంది. ఆమెకు వేరేవాళ్ల నుంచే వచ్చింది సార్.”

“ఎవల నుంచి?”

“పదకొండు, పన్నెండు నంబర్ల శాంపిళ్లు. ఆ రెండూ అచ్చం ఒకటే, వాటిలో కొత్త తప్పు లేదు. మొదలు అక్కడేనని అంచనా.”

“నంబర్లు నాకెందుకమ్మా? మనుషులను చూపెట్టు, నమ్ముత.”

స్వాతి చేతిలోని కాగితం మడిచింది. చెబితే నాన్న రేపే వచ్చి కర్నూలు తీసుకుపోతాడు. కరుణాకర్‌ని శిబిరంలో ద్రోహి అంటారు. చెప్పకపోతే ఈ ముసలమ్మ పొట్ట కొట్టినట్టే.

“పదకొండు నేనే సార్. మొదట కాస్త ఒళ్లునొప్పులే కదా అని పట్టించుకోలేదు, జ్వరం, దగ్గు తర్వాత వచ్చాయి.”

“మరి పన్నెండు?”

స్వాతి మొదటిసారి కరుణాకర్ వైపు చూసింది.

“నేనే సార్,” అన్నాడు కరుణాకర్.

వెంకటనర్సయ్య నోరు తెరిచాడు. “నువ్వా? పొద్దుగూకులు మైకుల గొంతు చింపుకునేటోనివి!”

“ఉద్యమం ఉద్యమమే సార్. ఈమె ఈమెనే.”

వార్డెన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బుచ్చవ్వను తీసేస్తూ రాసిన కాగితం చింపేసి, మెల్లగా బయటికి నడిచాడు.

స్వాతి బుచ్చవ్వ చెయ్యి పట్టుకుంది. “ఒక్కటే తెలియలేదు అవ్వా. మేం ఎవరికీ తెలియకుండా, ఎవరూ రాని చోటే కలుస్తాం. మా నుంచి నీకెట్లా అంటింది?”

బుచ్చవ్వ కళ్లు నవ్వాయి. “నాకు ఎరుకనే బిడ్డా. మూణ్నెల్లసంది, మీరిద్దరు చాయ్ తాగి వంటింటెనుక దాసిపెట్టి పోయే ఒక్క గ్లాసు కడిగేది నేనే గద. కొలువు పోతె పాయె, మీ ముచ్చట నా నోటెంట రావొద్దనే ఊకున్న.”